సగం గాలి

అరవై ఎనిమిది. వేలికి తగిలించిన చిన్న క్లిప్పు మీద ఎర్రటి అంకెలు వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగి అదే మాట చెప్పాయి, అరవై ఎనిమిదే, గుడారంలో కాంపౌండర్ ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కుని ఒంట్లో ఆక్సిజన్ డెబ్బై అయిదు దాటనివాళ్లను ముందుకు పంపేది లేదు దీదీ అన్నాడు, ఇది డ్రైవర్ల సంఘం పెట్టుకున్న నియమం, ఎవరి కోసమూ మారదు, గంటసేపు ఇక్కడ కూర్చుని వేడినీళ్లు తాగు, మళ్లీ చూస్తాను, అప్పుడూ ఇంతే ఉంటే కిందికి దిగే జీపు ఎక్కిస్తాను. మా జీపు డ్రైవర్ నోర్బు గుమ్మంలోంచి తల పెట్టి, గంట అంటే గంటే దీదీ, ఎండ ముదిరితే మంచు కరిగి ముందున్న వాగు పొంగుతుంది, ఇక బండి దాటదు అన్నాడు. ఇప్పుడు పదీ పది. గుడారం బయట రెండు జీపులున్నాయి, నా సంచీ ఉన్నది లేహ్ వైపు మూతి పెట్టుకుని నిలబడింది, రెండోది పొద్దున మేం బయల్దేరిన కేలాంగ్ వైపు మూతి పెట్టుకుని నిలబడింది, రెంటి మధ్య మడత మంచం మీద, చేతొడుగు వేసుకున్న కుడిచేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని, కర్దనూర్ వనజను, నలభై నాలుగేళ్లదాన్ని, సర్చు అనే చోట, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒంటరిగా, పదకొండూ పది కోసం కూర్చున్నాను.

భయపడాలి కదా, పడటం లేదు, ఒళ్లంతా ఉరకలు వేస్తోంది. గుడారం గుడ్డకు ఒక పక్క చిరుగుంది, అందులోంచి కొండ కనిపిస్తోంది, చెట్టు లేదు, పుట్ట లేదు, కింద ఇటుకరంగు, మధ్యలో వంకాయరంగు, పైన తెలుపు, ఆ తెలుపు మీద ఆకాశం ఎంత నీలంగా ఉందంటే మా కర్దనూర్‌లో ఎవరైనా గోడకు ఆ రంగు వేస్తే ఊరంతా నవ్వుతారు. పొద్దున బారాలాచా కనుమ దాటుతుంటే రోడ్డుకు రెండు పక్కలా నాకు రెండింతల ఎత్తున మంచుగోడలు, జీపు ఆపించి చేతొడుగు తీసేసి మరీ ముట్టుకున్నాను, ముట్టుకుని అరిచాను, నిజంగానే అరిచాను, మా ఆయన సాయిలు వినుంటే పిచ్చి లేసిందానే అనేవాడు, వెనక సీట్లో ఇద్దరు జార్ఖండ్ మనుషులు, రోడ్డు పనికి పోతున్నవాళ్లు, వాళ్లూ నవ్వారు, నేను ఇంకోసారి అరిచాను. తలకు కొబ్బరినూనె కూడా రాసుకున్నాను, ఇరవై రెండేళ్ల తర్వాత, ఇదెవరికి చెప్పినా అర్థం కాదు, ఆక్సిజన్ సిలిండర్లు నింపే పని నాది, అక్కడ నూనె తగిలితే నిప్పే అని చేరిన మొదటి రోజే చెప్పారు, గ్రీజు వద్దు, నూనె వద్దు, జిడ్డు చేత్తో వాల్వ్ ముట్టుకోవద్దు, అప్పటినుంచి తలకు నూనె చుక్క ఎరగను, మా అత్త పుష్పమ్మ నా జుట్టు చూసినప్పుడల్లా పీచు పీచు అంటుంది. కేలాంగ్‌లో నూనె సీసా గడ్డ కట్టింది, నిప్పుల కుంపటి పక్కన పెట్టి కరిగించి దోసిలినిండా పోసుకుని రాసుకున్నాను, ఇప్పుడు ఉన్నిటోపీ కింద తల కమ్మగా వాసన వేస్తోంది, ఇంత సంతోషంలో ఉన్న మనిషికి అరవై ఎనిమిదేంటి.

తల కాస్త బరువుగా ఉంది, అది నిజం, అబద్ధం చెప్పను, కాని వాంతి లేదు, కళ్లు తిరగడం లేదు, గుడారం ఈ చివరి నుంచి ఆ చివరికి మడమకు వేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడిచాను, తూలలేదు, ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి ఇరవై. కాంపౌండర్ ఓరగా చూసి కూర్చో దీదీ అన్నాడు, కూర్చున్నాను. కూర్చుంటే ఎదురుగా ఆ రెండో జీపు వెనక తలుపు తెరిచే ఉంది, అది ఎక్కితే సాయంత్రానికి కేలాంగ్, ఎల్లుండికి చండీగఢ్, ఆ తర్వాత రైలు, కర్దనూర్ బస్టాపులో దిగేసరికి అందరూ సిద్ధంగా ఉంటారు, ఎవరూ తిట్టరు, అదే పెద్ద బాధ, మేం ముందే చెప్పినం గద అని జాలిగా చూస్తారు, ఇక నా కూతురు నిహారిక రేపు ఎక్కడికైనా ఒంటరిగా వెళ్తానన్నా మీ అమ్మ పోయింది చూసినవా సగం దారిల మళ్లింది అంటారు. పదేళ్లు ఒక్కొక్కటి మిగుల్చుకున్న సెలవులు ఇవి, మళ్లీ ఇంకో పదేళ్లకు నా మోకాళ్లు ఎలా ఉంటాయో. నాకు కావాల్సింది లేహ్ కూడా కాదు, దానికి ముందు వచ్చే తాంగ్‌లాంగ్ కనుమ, పదిహేడు వేల పైచిలుకు అడుగులు, అక్కడ అయిదు నిమిషాలు నిలబడితే చాలు, గాలి సగమే ఉండే చోటు అది.

సగం గాలి అనే మాట రామలింగేశ్వరరావు సార్ అన్నాడు, పాశమైలారం దారిలో మా ఆక్సిజన్ ఫిల్లింగ్ స్టేషన్‌కు ఏడాదికోసారి భద్రత పాఠం చెప్పడానికి వచ్చే సార్, గోదావరి వైపు మనిషి, ప్రతి మాటకూ అమ్మా అంటాడు, ఒకసారి బోర్డు మీద సుద్దముక్కతో కొండ గీసి, ఇదిగోనమ్మా సముద్రం దగ్గర నిండు గాలి, ఇంత ఎత్తు పోయేసరికి సగం అని అడ్డంగా గీత గీశాడు. పనివాళ్లందరూ అప్పటికే కునుకు తీస్తున్నారు, నేను మాత్రం లేచి నిలబడ్డాను, ఎందుకు లేచానో తెలియదు.

"గంత ఎత్తుల మనుషులు బతుకుతరా సార్?"

"బతకడమేంటమ్మా, బార్లీ పండిస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, పాటలు పాడుతూ గొర్రెలు కాసుకుంటారు."

అందరూ ఘొల్లున నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వాను గాని ఆ సుద్దగీత నా తలలోంచి పోలేదు. నేను రోజంతా చేసేది గాలిని ఇనుములోకి ఎక్కించడమే, వరసగా నిలబెట్టిన సిలిండర్లకు గొట్టాలు బిగించి, మీటర్ల ముళ్లు పైకి లేస్తుంటే ఒక్కో సిలిండర్ ఒంటి మీద అరచెయ్యి ఆనించి చూసుకుంటూ పోతాను, నిండుతున్నది వెచ్చబడుతుంది, చల్లగా తగిలిందంటే దానిలోకి గాలి పోవడం లేదని అర్థం, ముల్లు అబద్ధం చెప్పినా చెయ్యి చెప్పదు, కొత్తగా వచ్చిన ఒడిశా వాళ్లకూ బిహార్ వాళ్లకూ నా హిందీలో ఇదే నేర్పుతాను, పహలే హాథ్ లగావ్, బాద్‌మే మీటర్ దేఖో, ముందు చెయ్యి ఆనించు, ఆ తర్వాతే మీటర్ చూడు. గాలినే నమ్ముకుని ఇల్లు కట్టుకున్నాం, పిల్లను చదివించుకున్నాం, మరి గాలి తక్కువున్న చోట మనిషి ఎలా ఉంటుందో, నేను ఎలా ఉంటానో చూడాలనిపించదా. సాయిలుకు చెబితే మంచం మీద నుంచి లేవకుండానే, "గాలి లేని కాడికి గంత దూరం పోవుడెందుకే, బొల్లారం చౌరస్తల కంపెనీల పొగల నిలబడు, ఆడ గుడ లేదు," అన్నాడు, అన్నాడు గాని రైలు టికెట్ తనే చేయించాడు, చెవులు మూసుకునే టోపీ తనే కొన్నాడు.

పది ముప్పై అయిదు. కాంపౌండర్ గ్లాసులో మళ్లీ వేడినీళ్లు పోశాడు. జార్ఖండ్ వాళ్లలో పెద్దాయన గుడారంలోకి వచ్చి మంచం అంచున కూర్చుని ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగాడు, హైదరాబాద్ అన్నాను, హైదరాబాద్‌లో ఎక్కడ, పటాన్‌చెరు, అరే పక్కనే ఇస్నాపూర్‌లో రెండేళ్లున్నాను దీదీ, చౌరస్తా దగ్గర రేకుల గది, కిరాయి కట్టలేక వెళ్లిపోయాను అని ఆయన చెయ్యి చాపాడు, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఇస్నాపూర్ మనిషి, నాకు ఆయన్ను పట్టుకుని ఏడవాలనిపించింది, నవ్వాలనిపించింది, ఆయన అక్కడి బిర్యానీ బండి పేరు చెప్పాడు, అది ఇంకా ఉందా అన్నాడు, ఉంది, పక్కన ఇంకో రెండు వచ్చాయి అన్నాను. పోతూ పోతూ చేతొడుగు లేని నా చెయ్యి చూసి, ఇంట్లో పెళ్లా దీదీ అని అడిగాడు, కాదు, ఆషాఢం అన్నాను, అర్థం కాక తలూపి వెళ్లిపోయాడు.

ఆషాఢం. మా అత్త పెట్టిన ఒకే ఒక షరతు అది. మా అత్త మామూలు మనిషి కాదు, నాలుగెకరాలు దున్నించిన మనిషి, ఆ నాలుగెకరాల్లో ఇప్పుడు గోదాములున్నా పొద్దున్నే లేచి గట్టు మీద నిలబడి వాన చూసే మనిషి, నేను వెళ్తానంటే మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు ఆదివారం మధ్యాహ్నం కొంగునిండా ఆకు కోసుకొచ్చి అరుగు మీద కుమ్మరించింది. "పోతే పో, నేనేం కాళ్లు పట్టుకుంటలేను. గని ఆషాఢంల మైదాకు లేని చేతులతోని ఇంటి కడప దాటుతవా? చేతులు ఎర్రగ చేసుకొని పో." పుస్తకాల్లో గోరింటాకు అంటారు, మాకు మైదాకు. రోట్లో తనే నూరింది, నిహారిక దాంట్లో లవంగాల నీళ్లు, టీ డికాక్షన్, ఇంకేదో పొడి కలిపింది, ఫోన్లో చూసి నేర్చిందట, వేలి చివరలకు టోపీల్లా పెట్టి ప్లాస్టిక్ కవర్లు కట్టింది, విప్పితే ఎరుపు కాదు, నల్లగా పండింది, గోళ్లు కూడా ఎండిన నేరేడుపళ్ల రంగు, అత్త నా చేతులు తిప్పి తిప్పి చూసి, "నా కొడుకు మంచోడే అన్నట్టు," అని నవ్వింది, మూడు రోజుల తర్వాత నవ్వింది. తొమ్మిది వేళ్లే పండాయి, పదోది కుడి చూపుడువేలు, దానికి పెట్టలేదు, అది మా ఆడవాళ్లందరం పాటించేదే, గేటు దగ్గర, వేలు గుర్తుపడితే ఆడగొంతుతో థాంక్యూ అనే హాజరు మిషన్ పెట్టిన ఏడు ఆషాఢంలో పద్నాలుగు మందిమి మైదాకు వేళ్లు పెడితే అది ఎవర్నీ గుర్తుపట్టలేదు, ప్లీజ్ ట్రై అగైన్, ప్లీజ్ ట్రై అగైన్ అని వరసగా పద్నాలుగు సార్లు అంది, అందరికీ సగం రోజు పోయింది, అప్పటి నుంచి ఆ ఒక్క వేలు కంపెనీ వేలు, నిహారిక పెట్టబోతే సెలవు మీద పోతున్నా కూడా అలవాటుగా ఆ వేలు మడిచేశాను, పిల్ల నెత్తి కొట్టుకుంది, "మమ్మీ, నువ్వు పోయేది డ్యూటీకి కాదే."

పదీ నలభై అయిదు. తలలో అదే అంకె. అరవై ఎనిమిది. ఈ అంకెలతో నాకు పాత పరిచయమే, కరోనా రెండో ఏడు మే నెలలో మా గేటు ముందు కిలోమీటరు పొడుగున బండ్లు, ఒక్కొక్కరి చేతిలో ఖాళీ సిలిండర్, నోట్లో ఒక అంకె, ఎవరూ పేరు చెప్పేవారు కాదు, అంకె చెప్పేవారు, అమ్మా మా నాన్నది ఎనభై రెండు, మేడం మా ఆవిడది డెబ్బై నాలుగు, నేను చేతులు ఆనించుకుంటూ పరుగెత్తేదాన్ని, వెచ్చగా ఉందా, వెచ్చగా ఉందా, పద్దెనిమిది గంటలు నిలబడి ఇంటికి వెళ్లి నిద్రలో కూడా గోడకు చెయ్యి ఆనించి చూసేదాన్నట. అందుకే అంకెను తేలిగ్గా తీసుకోను, కాంపౌండర్ మీద కోపం లేదు, ఆయన మంచి పని చేస్తున్నాడు. అంతకు ముందు ఏడు కూడా, మొదటి ఏడు, అప్పుడు బండ్ల వరసలు లేవు, భయం మాత్రం ఉంది, వీధికో క్లిప్పు కొన్నారు, మా వీధిలో భవాని కొనుక్కొచ్చి ఇంటిల్లిపాదికీ పెట్టింది, మొగుడికి తొంభై ఏడు, పిల్లలకు తొంభై ఎనిమిది, తనకు పెట్టుకుంటే డెబ్బై, ఇక ఒకటే ఏడుపు, "వనజక్కా, నేను పోతున్న, నా పిల్లల్ని సూసుకో," అని చెప్పుల్లేకుండా మా ఇంటికి ఉరికొచ్చింది, అంత దూరం ఉరికొచ్చి అంత గట్టిగా ఏడ్చే మనిషికి డెబ్బై ఎలా ఉంటుందని నాకు అనుమానం వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని చూస్తే,

చూస్తే.

గ్లాసు కింద పెట్టాను. ఆమె చెయ్యి పట్టుకుని చూస్తే వేళ్ల చివరలు నల్లగా, అది కూడా ఆషాఢమే, క్లిప్పు వేలిలోకి వెలుగు పంపి చదువుకుంటుంది, ఆ రంగులోంచి వెలుగు సరిగ్గా పోవడం లేదు, కాలి వేలికి పెట్టి చూస్తే తొంభై ఏడు, భవాని కూలబడి నవ్వింది, ఆ రోజు సాయంత్రానికి వీధి వీధంతా తిరిగి నేనే చెప్పాను, మైదాకు వేలికి క్లిప్పు పెట్టకుర్రి, గోళ్ల రంగు తుడువుర్రి, నేనే చెప్పాను! కర్దనూర్ మొత్తానికి చెప్పిన దాన్ని, ఇక్కడికొచ్చి ఎడమ చేతి వేలు, నేరేడుపండు వేలు, పొద్దున మంచులో పెట్టి ఇంకా గడ్డకట్టి ఉన్న వేలు, చాపి పెట్టాను, కుడి చేతికి చేతొడుగు ఉంది కదా, తీయడం బద్ధకమేసి. దీపం కింద చీకటంటే ఇదే. పహలే హాథ్ లగావ్ అని ఊళ్లోవాళ్లకు పాఠాలు చెప్పిన మనిషిని, నా చెయ్యి నేను ముట్టుకుని చూసుకోలేదు, ముట్టుకున్నాను, చల్లగా ఉంది, గాలి ఎక్కని సిలిండర్‌లా ఉంది.

లేచాను, మళ్లీ కూర్చున్నాను. తొందరపడొద్దు వనజా, తల బరువు కూడా నిజమే కదా, ఎగిరి గంతేసి చెప్పాక ఆ వేలు కూడా అరవై ఎనిమిదే చూపిస్తే? చూపిస్తే దిగుతాను. ఇది నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది, రెండుసార్లు చెప్పుకున్నాను, ఆ బండ్ల వరస చూసినదాన్ని నేను అంకెతో మోసం ఆడను, ఈ వేలు తక్కువ చెబితే నోరు మూసుకుని రెండో జీపు ఎక్కుతాను, మా వాళ్ల జాలి చూపులూ భరిస్తాను, కాని దీని మాట విన్నాకే. కుడి చేతొడుగు తీశాను. చూపుడువేలు, తెల్లగా, పాలిపోయి, తక్కిన తొమ్మిదింటి మధ్య పుట్టింటి నుంచి ఏమీ రాని కోడలిలా ఉంది. వేడినీళ్ల గ్లాసుకు చుట్టి పట్టుకున్నాను, పదీ యాభై అయిదు, పదకొండు, రుద్దాను, మళ్లీ పట్టుకున్నాను, బయట నోర్బు ఇంజన్ వేశాడు, పదకొండూ అయిదు, వేలు వెచ్చబడింది, అరచేతికి ఎలా తెలుస్తుందో అలా తెలిసింది.

"భయ్యా, ఈ వేలికి పెట్టు," అన్నాను నా ఇస్నాపూర్ హిందీలో, మెహందీ అనే మాట మూడుసార్లు వాడి, చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించి. ఆయన ముందు నన్ను అనుమానంగా చూశాడు, రోడ్డు తారు అంటుకుందనుకున్నాను దీదీ అన్నాడు, ఇంత నల్లటి మెహందీ ఎప్పుడూ చూడలేదు అన్నాడు, క్లిప్పు తెరిచి కుడి చూపుడువేలికి పెట్టాడు. అంకెల చోట రెండు గీతలు. గీతలే. ఇంకా గీతలే. నోర్బు హారన్ కొట్టాడు. డెబ్బై ఒకటి. ఊపిరి బిగబట్టకు దీదీ, మామూలుగా తీసుకో అన్నాడు కాంపౌండర్, అప్పుడు తెలిసింది బిగబట్టానని, వదిలాను, తీసుకున్నాను, డెబ్బై ఆరు, ఎనభై, ఎనభై మూడు, ఎనభై నాలుగు, అక్కడ ఆగింది, ఆగి కదలకుండా నిలబడింది. కాంపౌండర్ పక్కనే ఉన్న నల్లవేలికి పెట్టి చూశాడు, డెబ్బై, మళ్లీ తెల్లవేలికి పెట్టాడు, ఎనభై నాలుగు, మూడోసారి కూడా పెట్టి చూసి పకపకా నవ్వి, చీటీ మీద సంతకం పెట్టి, తలనొప్పి పెరిగితే మాత్రం నోర్బుకు చెప్పు, దాచకు అన్నాడు. దాచను అన్నాను. ఈ మిషన్‌కు నోరు లేదు, మా గేటు దగ్గరి దానిలా మాట్లాడదు, అందుకని దాని బదులు నేనే అన్నాను, ఆ ఆడగొంతుతోనే, ముక్కుతో, గట్టిగా, థాంక్యూ!

రెండో జీపు వెనక తలుపు ఎవరో ధడాలున మూశారు, అది నేను లేకుండానే కిందికి కదిలింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఉన్నా ఎవరికని చేస్తాను, అత్తకా, నీ షరతు నన్ను దాదాపు వెనక్కి పంపిందని చెప్పనా, నిహారికకా, ఆ వేలు మడవడం ఎంత మంచిదయిందో చూశావా అని చెప్పనా, చెబుతాను, అందరికీ చెబుతాను, సగం గాలిలో నిలబడి వచ్చాక చెబుతాను. ఇస్నాపూర్ పెద్దాయన కిటికీ పక్క చోటు నాకు వదిలాడు. కిటికీ అద్దం దుమ్ము కొట్టుకుని ఉంది, బయట ఏమీ కనబడటం లేదు, తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున ఆరింటికి వచ్చాను అని గేటుకు చెబుతున్న వేలు, దాన్ని తీసుకెళ్లి దుమ్ము మీద గట్టిగా అదిమాను, గుండ్రటి మచ్చ పడింది, ఆ మచ్చలోంచి కొండ కనిపించింది, నోర్బు గేరు వేశాడు.

"ఎటు దీదీ?" అన్నాడు, తెలిసీ, నవ్వుతూ.

"పైకి," అన్నాను.